నూట నలభై అడుగుల చిక్కుళ్ళు

ఆ ఆదివారం పొద్దుటి నుంచి టైలరమ్మ పనేమీ లేకుండానే ఏడుసార్లు వీధి దాటింది. ఒకసారి అగ్గిపెట్టె వంక, ఒకసారి పాల వంక, మూడోసారి మళ్ళీ అగ్గిపెట్టె వంక. ఆ తరవాత వంకలు అయిపోయి ఊరికే దాటింది. ఎదురు రెస్టారెంటు గుమ్మం పక్కన నల్లబోర్డు ఉంటుంది. ఆ పూట వంటలోకి ఏ కాయ ఎవరి తోట నుంచి వచ్చిందో, ఎంత దూరం నుంచి వచ్చిందో దాని మీద సుద్దముక్కతో రాసి పెడతారు. ఆ రోజు ఇలా ఉంది: గుమ్మడికాయలు, ఏటవతలి తోట, తొమ్మిది కిలోమీటర్లు. టమాటాలు, రైలుగేటు రైతు, నాలుగు కిలోమీటర్లు. చిక్కుళ్ళు, టైలరమ్మ బాల్కనీ, మూడో అంతస్తు, నూట నలభై అడుగులు.

చూసినకొద్దీ ఆవిడకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నడుములూ భుజాలూ కొలిచిన మనిషి. ఎవరైనా తనని కొలిచి గోడకెక్కించడం ఇదే మొదలు. కొలిచింది కూడా ఆవిడ టేపుతోనే. రెస్టారెంటు నడిపే చెఫ్ బొద్దుగా, గట్టి గొంతుతో ఉంటుంది. దూరం విషయంలో అబద్ధమాడదు. టైలరమ్మ టేపు అయిదడుగులే కాబట్టి తన గుమ్మం నుంచి ఎదురింటి గుమ్మం దాకా ఇరవై ఎనిమిది సార్లు వంగి లేచి, నడుం పట్టుకుని లోపలికి వెళ్ళి ఆ అంకె రాసింది.

ఆ రెస్టారెంటులో మనకి కావలసింది అడగడం కుదరదు. పొద్దున బుట్టల్లో ఏం దిగితే అదే వంట, ఏం వండితే అదే భోజనం. టైలరమ్మకి నచ్చింది సరిగ్గా ఈ సంగతే. అందుకే మధ్యాహ్నం భోజనానికి అన్నయ్యనీ వదిననీ అక్కడికే పిలిచింది. పైకి చెప్పిన కారణం "ఊరికే, సరదాగా." అసలు కారణం ఒక్కటే. వదిన ఆ చిక్కుళ్ళు తినాలి. తిని మార్కులెయ్యాలి.

వదిన లెక్కల టీచరు. ఉద్యోగం మానేసినా మార్కులెయ్యడం మానలేదు. పెళ్ళిళ్ళకి వేసింది, అల్లుళ్ళకి వేసింది, వానకి కూడా వేసింది. ఎవరికైనా పదికే. ఇంతవరకూ పదికి పది ఎవరికీ పడలేదు. కట్టుకున్నవాడికే ముప్ఫై నాలుగేళ్ళుగా అయిదూ ఆరూ మధ్య నడుస్తోంది, ఆయనా పాసయ్యాను కదా అని తృప్తిగా ఉన్నాడు. టైలరమ్మ కుట్టుకి ఏడు. అంతకంటే ఎక్కలేదు. అయితే చిక్కుళ్ళ సంగతి వేరు. పదకొండేళ్ళుగా వదిన చిక్కుడుకాయ నోట్లో పెట్టలేదు.

అది టైలరమ్మ నోటి చలవే. ఆ చిక్కుళ్ళు వాళ్ళమ్మవి. ఊదా రంగు అంచు, పొట్టి కాయ, బజారులో దొరకని రకం. అమ్మ ఏటా కొన్ని మంచి కాయలు విత్తనానికి వదిలేసేది, ఏవి వదిలిందో ఆవిడకే గుర్తు. అమ్మ పోయాక కుండీలు టైలరమ్మ బాల్కనీకి వచ్చాయి. ఈవిడకి మతిమరుపు. అందుకని విత్తనానికి వదిలిన కాయల తొడిమలకి ఎర్ర దారం కట్టుకుంది. ఆ ఏడాదే జ్వరంతో మంచం పట్టింది. సాయానికి వచ్చిన వదిన బాల్కనీలోకి వెళ్ళి చూసి, ఎర్ర దారం అంటే కోతకి వచ్చినట్టు గుర్తు కాబోలనుకుని, పద్ధతిగా, ఒక్కటీ వదలకుండా, ముందు వాటినే కోసింది. విత్తనానికి ఒక్క కాయా మిగల్లేదు. కూర వండి కంచంలో పెట్టింది. కూరలో ఎర్ర పోగొకటి కనిపించగానే టైలరమ్మ జ్వరంలో నోటికొచ్చినట్టు అనేసింది: "మా అమ్మని కూర వండి పెట్టావు కదా వదినా."

వదిన గరిటె కింద పెట్టింది. అంతే, ఆ తరవాత ఎవరింట్లో చిక్కుడు వడ్డించినా "కడుపు నిండిపోయింది" అంటుంది. టైలరమ్మ బాల్కనీ గుమ్మం దాకా వస్తుంది, గుమ్మం దాటదు. రాకపోకలు ఉన్నాయి, నవ్వులు ఉన్నాయి, పండక్కి బట్టలు కుట్టించుకోవడం ఉంది. మధ్యలో ఆ ఒక్క మాట మాత్రం అలాగే ఉండిపోయింది. తప్పయిందని చెప్పడానికి టైలరమ్మకి పదకొండేళ్ళూ నోరు రాలేదు.

మూడేళ్ళ కిందట మాత్రం ఒక విచిత్రం జరిగింది. అమ్మ బొత్తాల డబ్బా అడుగున, గళ్ళ కాగితంలో కట్టిన చిన్న పొట్లం దొరికింది. విప్పితే చిక్కుడు గింజలు, ఊదా మచ్చతో. టైలరమ్మ ఆ రోజు కుట్టుమిషను మీద తలపెట్టి ఏడ్చి, వెంటనే లేచి ఎగిరి గంతేసింది. అమ్మ ఎప్పుడో దాచిపెట్టి వెళ్ళిందన్నమాట! టమాటాల రైతు విని, "ఎనిమిదేళ్ళ కిందటి గింజ మొలవదమ్మా" అన్నాడు. "మా అమ్మ గింజ మొలుస్తుంది" అంది. మొలిచాయి. రైతు తల గోక్కున్నాడు.

అదీ కథ. ఇక భోజనం.

ఒంటిగంటకి అన్నయ్యా వదినా వచ్చారు. వదిన గుమ్మం దగ్గరే ఆగి, కళ్ళజోడు సవరించుకుని బోర్డు మొత్తం చదివింది. టైలరమ్మ ఆవిడ మొహమే చూస్తోంది.

"నూట నలభై అడుగులా?" అంది వదిన. "నిలువా, అడ్డమా?"

"అంటే?"

"వీధి అడ్డం కొలిచారు. మూడంతస్తుల నిలువు ఎవరు కొలుస్తారు? లెక్క సగమే చేశారు. నాలుగు మార్కులు."

చిక్కుళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. గబగబా లోపలికి నడిచి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఆ కిటికీలోంచి చూస్తే నేరుగా టైలరమ్మ బాల్కనీయే. తీగ కటకటాల నిండా అల్లుకుని కిందికి వేలాడుతోంది. వదిన కుర్చీ కొంచెం పక్కకి తిప్పుకుంది.

వడ్డించే పెద్దాయన తెల్ల మీసాలతో, ప్రతి గిన్నె వెనకా ఒక ఉపన్యాసంతో వస్తాడు. ముందు గుమ్మడికాయ సూపు తెచ్చాడు. ఆ గుమ్మడికాయ ఏ గట్టు మీద కాసిందో, దానికి ఏ వైపు ఎండ తగిలిందో చెప్పాడు. అన్నయ్య ఆ ఉపన్యాసం అయ్యేలోపు గిన్నె ఖాళీ చేసి, "రెండో వైపు ఎండ సంగతి కూడా చెప్పండి, ఇంకో గిన్నె తెస్తూ" అన్నాడు. వదిన సూపుకి ఏడు వేసింది. వేడి రొట్టె మీద కాల్చిన టమాటాలు వచ్చాయి. వాటికి ఏడున్నర. టైలరమ్మ లెక్కేసుకుంది. టమాటాలకే ఏడున్నర పడితే ఇక మిగిలింది ఎంత?

"తరవాత వచ్చేది మీ బల్లకి ప్రత్యేకం" అన్నాడు పెద్దాయన కళ్ళెగరేసి. "ఈవిడ చిక్కుళ్ళు. వెన్నలో, రెండు వెల్లుల్లి రెబ్బలేసి. గింజలు వాళ్ళమ్మగారు బొత్తాల డబ్బాలో దాచిపెట్టి వెళ్ళారట!"

అన్నయ్యకి పొలమారింది. దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. వదిన ఆయన వీపు మీద చరుస్తూ, "మెల్లగా తినమని చెప్పానా" అంది, ఒకటి రెండు దెబ్బలు అవసరానికి మించే వేసింది.

టైలరమ్మకి అదేమీ పట్టలేదు. ఆవిడ చెవులు వంటింటి వైపు ఉన్నాయి. వెన్న చిటపటలాడుతోంది, వెల్లుల్లి వాసన వస్తోంది. ఇంట్లో అయితే వదిన కడుపు నిండిందంటుంది. ఇక్కడ అలా అనడం కుదరదు. పళ్ళెంలో పెట్టింది వదిలేస్తే సున్నా అని బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పిన మనిషి ఇంతమంది ముందు ఎలా వదిలేస్తుంది? ఈ పన్నాగం పన్నినందుకు టైలరమ్మ తన భుజం తనే తట్టుకుంటూ ఉండగా పెద్దాయన తిరిగి వచ్చాడు. చేతుల్లో పళ్ళెం లేదు. మీసాలు కిందికి వాలి ఉన్నాయి.

"అమ్మా, ఏమనుకోకండి. చిక్కుళ్ళు అయిపోయాయి."

"అయిపోవడమేమిటి? పొద్దున రెండు బుట్టలిచ్చాను!"

"అదుగో, ఆ ఎనిమిదిమంది బల్ల. ఒకసారి తిన్నారు. మళ్ళీ కావాలన్నారు. మూడోసారి వాళ్ళలో ఒకాయన వంటింట్లోకే వచ్చి గిన్నె పట్టుకెళ్ళాడు."

ఆ బల్ల వైపు చూస్తే, నిజమే, ఒకాయన గిన్నె అడుగు రొట్టెముక్కతో తుడుచుకుంటున్నాడు. టైలరమ్మకి ఆయన్ని కౌగిలించుకోవాలనీ అనిపించింది, గిన్నె లాక్కుని నెత్తిన కొట్టాలనీ అనిపించింది. తన చిక్కుళ్ళు జనం ఎగబడి తిన్నారు, తినవలసిన మనిషి మాత్రం తినలేదు. నవ్వొచ్చేసింది. ఆ నవ్వు ఆగక, కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"రెండు నిమిషాలు వదినా. కదలకు. ఇక్కడే ఉండు. అన్నయ్యా, వదినని కదలనివ్వకు!"

ఎత్తు మడమల చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి వీధికి అడ్డం పడి పరుగెత్తింది. సైకిలు మీద వస్తున్నాయన బ్రేకు వేసి, "ఏమైందమ్మా?" అంటే, "చిక్కుళ్ళు!" అని అరిచి వెళ్ళిపోయింది. మూడంతస్తులూ ఎక్కి, తాళం రెండుసార్లు తప్పు తిప్పి, కత్తెర పట్టుకుని బాల్కనీలోకి వచ్చి పడింది.

తీగ బోడిగా ఉంది. పొద్దున ఉత్సాహంలో కనిపించిన కాయనల్లా కోసేసింది మరి. మిగిలినవి విత్తనం కాయలే, పదకొండు, తొడిమలకి ఎర్ర దారాలతో. ఇంకా పచ్చివే. కొంచెం ముదిరినా వెన్నలో మగ్గుతాయి. ఒక పళ్ళేనికి సరిపోతాయి.

ఇవి కోస్తే వచ్చే ఏడు అమ్మ చిక్కుడు లేదు. బొత్తాల డబ్బాలో ఇంకో పొట్లం లేదు, ఆవిడ మొత్తం గాలించి చూసింది. కొయ్యకపోతే వదిన ఇవాళ తినదు. ఇవాళ తినకపోతే ఇంకో పదకొండేళ్ళకైనా ఇలాంటి వీలు దొరుకుతుందా? ఆ మాట అన్నది తనే, మూల్యం తనే చెల్లించాలి. పోనీ అనుకుంది. అమ్మ ఉంటే అమ్మే కోసిపెట్టేది. మొదటి ఎర్ర దారం మీదికి కత్తెర పోనిచ్చింది.

"ఆగు!"

గుమ్మంలో వదిన. రొప్పుతోంది, కళ్ళజోడు ముక్కు కొసకి జారింది, చేతిలో ఇంకా రెస్టారెంటు చేతిగుడ్డ ఉంది.

"యాభై నాలుగు" అంది ముందు. ఊపిరి పీల్చుకుంది. "మెట్లు. బోర్డు మీద తప్పు. తరవాత చెప్తాను. ఆ కత్తెర కింద పెట్టు. ఎర్ర దారం ఉన్నవి కొయ్యకూడదని తెలీదూ నీకు?"

"తెలుసు వదినా, కానీ..."

"తెలిసి కోస్తావేం? మళ్ళీ ఆ గింజల కోసం నన్ను నాలుగూళ్ళు తిరగమంటావా ఏమిటి?"

అనేశాక వదిన నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. మాట అప్పటికే బయటపడిపోయింది.

టైలరమ్మ కత్తెర అలాగే గాల్లో ఉండిపోయింది. ఒక్కొక్కటే కళ్ళ ముందుకి వచ్చాయి. ఎనిమిదేళ్ళ గింజ మొలవదన్న రైతు. అన్నయ్యకి పొలమారడం. అన్నిటికంటే ముందు ఆ పొట్లం కాగితం. గళ్ళ కాగితం! అమ్మ జన్మలో గళ్ళ పుస్తకం ముట్టుకోలేదు. ఆ ఇంట్లో గళ్ళ పుస్తకాలు ఎవరి దగ్గర గుట్టలుగా ఉంటాయో తనకి తెలియదా? దారంలో ఒక పోగు తేడా వస్తే కనిపెట్టే కళ్ళు, మూడేళ్ళు ఆ కాగితాన్ని ముద్దు పెట్టుకుని దాచుకున్నాయి తప్ప చూడలేదు.

"నువ్వా?" అంది.

"అత్తయ్య ఉన్న ఊళ్ళన్నీ తిరిగాం" అంది వదిన నేల చూస్తూ. "ఆవిడ అందరికీ గింజలు పంచేది కదా. ఏటా సెలవుల్లో మీ అన్నయ్యని లాక్కెళ్ళేదాన్ని. ఒకళ్ళు తీగ చచ్చిపోయిందన్నారు, ఒకళ్ళు ఇల్లే మారిపోయారు. నాలుగో ఊళ్ళో ఒక ముసలావిడ పెరట్లో దొరికింది. అదే ఊదా అంచు."

"మరి నాకు చెప్పకుండా ఆ డబ్బాలో ఎందుకు పెట్టావు?"

"చేతికివ్వడానికి భయమేసింది, మళ్ళీ ఏమంటావోనని. జాకెట్టు కొలతలకి వచ్చినప్పుడు డబ్బాలో వేసేశాను. చెప్దామనే అనుకున్నాను. ఇంతలో నువ్వు మా అమ్మ దాచింది, మా అమ్మ దాచింది అని ఊరంతా చాటింపు వేశావు. అంత సంబరపడుతుంటే మధ్యలో నేనెందుకు?"

టైలరమ్మకి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది, నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళుగా మారాయి. "తప్పయిపోయింది వదినా" అంది. పదకొండేళ్ళు గొంతులో అడ్డుపడ్డ మాట ఎక్కిళ్ళ మధ్య మూడు ముక్కలై వచ్చింది. "ఆ రోజు అలా అనాల్సింది కాదు. జ్వరం అని కాదు. నోటి దురద. తప్పయిపోయింది."

"ఆ రోజు నీకు సున్నా వేశాను" అంది వదిన. ముక్కు చీదింది. "సరేలే, కొట్టేశాను."

అని, ఇన్నేళ్ళూ దాటని గుమ్మం దాటి బాల్కనీలోకి వచ్చి, చటుక్కున నేల మీద కూర్చుంది. కూర్చుని, అంతటితో ఆగక, తీగ కిందికి వెల్లకిలా పడుకుంది.

"వదినా! కొత్త బట్టలు!"

"నువ్వు నిలబడి కోశావు కదూ? నాకు తెలుసు. అత్తయ్య ఎప్పుడైనా నిలబడి కోసిందా? నేను కాపురానికొచ్చిన కొత్తలో నేర్పింది. చిక్కుడుకాయ పైనించి చూసేవాళ్ళకి దొరకదు, కింద పడుకుంటే దొరుకుతుంది. రా."

టైలరమ్మ పక్కనే పడుకుంది. పైకి చూసింది. పైనించి ఆకులే కనిపించిన తీగ కింద నుంచి కాయలే కాయలు. ఆకుల చాటున, కాడల మెలికల్లో, కటకటాల వెనక, గుత్తులు గుత్తులుగా ఊదా అంచులు ఎండకి మెరుస్తున్నాయి. వదిన కొయ్యడం, టైలరమ్మ చేతిగుడ్డలో వేసుకోవడం. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతూ వదిన ముప్ఫై దగ్గర లెక్క తప్పింది. జీవితంలో మొదటిసారి అయ్యుంటుంది. తప్పినందుకు తనే పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి టైలరమ్మకి ఎక్కిళ్ళు ఇంకా పెరిగాయి. యాభై దాటిన ఇద్దరాడవాళ్ళు కుండీల మధ్య బోర్లా వెల్లకిలా దొర్లుతూ, మట్టి పూసుకుని, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలిస్తూ నవ్వారు.

లేచి కిందికి చూస్తే రెస్టారెంటు మొత్తం కిటికీకి అంటుకుపోయి ఉంది. ఎనిమిదిమంది బల్లవాళ్ళు, పెద్దాయన, గరిటెతో చెఫ్, వీధిలో సైకిలాయన. ముందు వరసలో అన్నయ్య, బుగ్గలో రొట్టె పెట్టుకుని. వదిన మూట పైకెత్తి చూపించింది. అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

చెఫ్ పది నిమిషాల్లో వండింది. ఎనిమిదిమంది బల్లాయన వాసనకి లేవబోతే పెద్దాయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. పళ్ళెం వదిన ముందు దిగింది. పచ్చగా, వెన్నతో మెరుస్తూ, ఊదా అంచులు కొంచెం నల్లబడి. హాల్లో చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. టైలరమ్మ మాత్రం "హిక్" అంది, ఆపుకోలేక.

వదిన ఒక కాయ నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళు మూసుకుంది. ఇంకోటి పెట్టుకుంది. ఆ తరవాత వరసగా, పద్ధతిగా, పళ్ళెం సగం దాకా తింటూ పోయింది. అన్నయ్య చెయ్యి చాపితే ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"వదినా" అంది టైలరమ్మ ఉండబట్టలేక. "మార్కులు?"

వదిన మూతి తుడుచుకుంది. కళ్ళజోడు తీసి, చేతిగుడ్డకి మట్టి ఉందని చూసుకోకుండా అద్దాలు తుడిచి, ఇంకా మసక చేసి పెట్టుకుంది.

"తొమ్మిది."

అన్నయ్య నోట్లోని రొట్టె కిందపడింది. ముప్ఫై నాలుగేళ్ళ సంసారంలో ఆ అంకె ఆయన ఇదే వినడం. టైలరమ్మకి ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి. ఒళ్ళంతా తేలికైపోయి బల్లమీదికెక్కి గంతులెయ్యాలనిపించింది. అయినా మనిషి ఆశ చూడండి, అడక్కుండా ఉండలేకపోయింది.

"ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గింది వదినా? ఉప్పు చాల్లేదా?"

"ఉప్పు సరిపోయింది" అంది వదిన, తన పళ్ళెంలోంచి ఒక కాయ తీసి ఆడబిడ్డ నోటికి అందిస్తూ. "నా కోసం ఎర్ర దారం మీద కత్తెర పెట్టావు చూడు. అందుకు."